కాలేజీ వచ్చి వెళ్ళాక ఊళ్ళో ఏం మారింది? ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఫలితాలు లెక్కగట్టే పద్ధతి

ఏ కాలేజీలోనైనా జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్) ఫైలు తెరిస్తే ఏడు రోజుల శిబిరం, వలంటీర్ల జాబితా, నాటిన మొక్కల లెక్క, ర్యాలీ ఫొటోలు, సర్పంచి సంతకంతో ఒక ధ్రువపత్రం ఉంటాయి. కాలేజీ ఎంత పని చేసిందో అవి చెబుతాయి. ఊళ్ళో ఏం మారిందో మాత్రం ఏ కాగితమూ చెప్పదు. కాలేజీలకి గుర్తింపు ఇచ్చే న్యాక్‌కి చూపించడానికి ఆ ఫైలు సరిపోవచ్చు. కానీ ఏటా గుమ్మం ముందుకొచ్చి ప్రశ్నలడిగే విద్యార్థులకి పని మానుకుని జవాబులు చెప్పినవాళ్ళకి అది సరిపోదు. లెక్క మొదట అందాల్సింది వాళ్ళకి. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే ప్రశ్న ఎవరు వేయాలి, ఏ భాషలో వేయాలి, ఫలితం ఎవరికి చెప్పాలి అన్నవన్నీ మారిపోతాయి.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు కాలేజీల్లో ఊరి పని చూసే అధ్యాపకులకి, విద్యార్థులకి ఈ వివరాలు. చదువుతూ పోవడానికి ఒక ఊహా ఉదాహరణ పెట్టుకుందాం. కాశీనగర్ వైపు ఐదు ఊళ్ళలో ఒక కాలేజీ మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకి సాయంత్రం చదువు కేంద్రాలు నడపాలనుకుంటోంది. ఐదు ఊళ్ళే ఎందుకంటే, కాలేజీలని ఊళ్ళతో కలపడానికి 2014లో కేంద్రం మొదలుపెట్టిన ఉన్నత్ భారత్ అభియాన్‌లో చేరిన సంస్థ కనీసం ఐదు గ్రామాలు ఎంచుకోవాలి.

మొదటి మెట్టు: ప్రశ్న ఊరి నోట రావాలి

పని మొదలుపెట్టక ముందే ప్రతి ఊళ్ళో మూడుసార్లు కూర్చోండి. తల్లులతో ఒకసారి, యువకులతో ఒకసారి, వార్డు మెంబరు, బడి మాస్టారు, అంగన్‌వాడీ కార్యకర్తతో కలిపి ఒకసారి. ఒక్కో కూటమికి ఎనిమిది మంది మించొద్దు. మగవాళ్ళ ముందు ఆడవాళ్ళు, తెలుగు వీధివాళ్ళ ముందు సవర గూడెం వాళ్ళు నోరు విప్పరు. అందుకే ఎవరి కూటమి వాళ్ళకి, వాళ్ళ వాడలోనే. మిషన్ శక్తి మహిళా పొదుపు సంఘాలు నెలవారీ కూర్చునే రోజు తెలుసుకుంటే తల్లులని విడిగా పిలవక్కర్లేదు. సంఘం పని అయ్యాక అరగంట అడిగి తీసుకోండి.

అడగాల్సింది ఒకటే. "ఏడాది తిరిగాక మీ కళ్ళకి ఏం కనిపిస్తే ఈ కాలేజీ పిల్లలు వచ్చినందుకు లాభం ఉంది అంటారమ్మా?" ఈ ప్రశ్నకి "పఠన సామర్థ్యం పెరగాలి" అని ఏ తల్లీ చెప్పదు. పాతపట్నం వెళ్ళే బస్సు బోర్డు తెలుగులో ఉన్నా, బరంపురం వెళ్ళే బస్సు బోర్డు ఒడియాలో ఉన్నా పిల్ల చదివి చెప్పాలి అంటుంది. సంతలో చిల్లర లెక్క తప్పకూడదంటుంది. హాస్టల్ ఫారం తనే నింపుకోవాలంటుంది. మీ కొలమానాలు పుట్టేది ఈ మాటల్లోంచే. విన్నవి విన్నట్టు, ఆ యాసలోనే రాసుకోండి. పుస్తక భాషలోకి మార్చే పని తర్వాత చేసుకోవచ్చు.

చివర్లో ఒక్క పేజీ ఒప్పందం రాయాలి. ఏం కొలుస్తాం, ఎప్పుడు కొలుస్తాం, వచ్చిన లెక్క మొదట ఎవరికి చెబుతాం, వద్దనుకుంటే ఊరు ఎప్పుడు ఆపమనొచ్చు అన్నవి అందులో ఉండాలి. ఒక ప్రతి ఊళ్ళోనే ఉంచండి.

రెండో మెట్టు: పనికీ ఫలితానికీ మధ్య గొలుసు

ఒక చార్టు మీద ఎడమ నుంచి కుడికి నాలుగు గళ్ళు గీయండి. మనం చేసే పని, వెంటనే కంటికి కనిపించేది, ఏడాదిలో రావాల్సిన ఫలితం, దూరపు మార్పు. మన ఉదాహరణకి వారానికి ఐదు రోజులు గంటన్నర కేంద్రం నడపడం పని, పిల్లలు రావడం కనిపించేది, రెండో తరగతి పాఠం తడబడకుండా చదవడం ఫలితం, ఎనిమిదో తరగతి దాటి బడిలో నిలబడడం దూరపు మార్పు. నాలుగో గడిని ఏడాదిలో కొలవలేం. కొలిచామని రాయకూడదు.

గళ్ళ మధ్య బాణాల మీదే అసలు ఆలోచన పెట్టాలి. ఈ గడి నుంచి ఆ గడికి వెళ్ళాలంటే ఏది నిజం కావాలి? పిల్లలు వారానికి కనీసం నాలుగు రోజులైనా రావాలి. కేంద్రంలో దీపం ఉండాలి. చెప్పే విద్యార్థికి ఒడియా లిపి ధారాళంగా రావాలి. ఈ చివరిదే మన జిల్లాల్లో తరచూ తెగిపోయే లింకు. తెలుగు మాట్లాడే వలంటీరు పిల్లలతో చక్కగా కలిసిపోతాడు కానీ బడి పుస్తకం ఒడియాలో ఉంటుంది, దాన్ని తనే కూడబలుక్కుంటాడు. మొదట వలంటీరుకే ఒక పరీక్ష పెట్టండి.

గంటల లెక్క కూడా ఇక్కడే తేల్చాలి. ఎన్‌ఎస్‌ఎస్ వలంటీరుకి ఏడాదికి 120 గంటలు, అందులో ఊరి పనికి కేటాయించేది 70. యాభై మంది ఉంటే 3,500 గంటలు. ఐదు కేంద్రాలు, వారానికి ఐదు రోజులు, రోజుకి గంటన్నర, 30 వారాలు నడిస్తే 1,125 గంటలు. కేంద్రానికి ఇద్దరు చొప్పున వేసుకుంటే 2,250. మిగిలిన 1,250లో ప్రయాణాలు, కొలతలు, సెమిస్టర్ పరీక్షల ముందు తగ్గిపోయే హాజరు అన్నీ ఇమడాలి. ఇమడవనిపిస్తే కేంద్రాలు తగ్గించుకోండి. ఐదు ఊళ్ళలో సగం సగం పని కన్నా మూడు ఊళ్ళలో నిండు పని మేలు.

మూడో మెట్టు: కొలమానాలు ఐదారుకి మించొద్దు

ప్రతి కొలమానానికీ ఏం కొలుస్తాం, దేనితో, ఎవరు, ఏ నెలలో, ఏ రిజిస్టర్‌లో అన్న ఐదు సంగతులు రాసి ఉండాలి. వీటిలో ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ కొలమానాన్ని కొట్టేయండి.

చదువుకి కొత్త పరీక్ష తయారుచేయక్కర్లేదు. పల్లె పిల్లల చదువు స్థాయి చూసే అసర్ సర్వేలో 2005 నుంచి దేశమంతా వాడుతున్న సాధనం తెలుగులోనూ ఒడియాలోనూ ఉంది. పిల్లని ఒక్కర్తినే పక్కన కూర్చోబెట్టుకుని చదివించాలి. మొదట ఒకటో తరగతి స్థాయి పేరా ఇవ్వాలి. మూడు తప్పులకి మించకుండా, వాక్యం వాక్యంలా చదివితే రెండో తరగతి స్థాయి కథకి వెళ్ళాలి. పేరా చదవలేకపోతే పదాలు ఇవ్వాలి. ఐదు పదాల్లో నాలుగు సరిగ్గా చదివితే పేరా మళ్ళీ ఒకసారి ప్రయత్నించనివ్వాలి, అప్పటికీ రాకపోతే పదం స్థాయి. పదాలూ రాకపోతే ఐదు అక్షరాలు, నాలుగు సరైతే అక్షరం స్థాయి. ఇలా ఐదు స్థాయిలు: ఏమీ రానిది, అక్షరం, పదం, పేరా, కథ. ఇందులో మార్కులుండవు. పిల్ల ఏ మెట్టు మీద ఉందో అదే ఫలితం. మొదటిసారి వాడిన నమూనా చివరిసారి వాడొద్దు. పిల్లలకి కథ కంఠతా వచ్చేసి ఉంటుంది.

తల్లులు చెప్పిన బస్సు బోర్డునీ వదిలేయకండి. తెలుగులో మూడు, ఒడియాలో మూడు ఊళ్ళ పేర్లు అట్టల మీద రాసి చూపిస్తే అది రెండు నిమిషాల పరీక్ష. ఊరికి బాగా అర్థమయ్యే ఫలితం కూడా అదే.

ఆరోగ్యం, నీళ్ళ మీద పనిచేసే కాలేజీలకి రెండు మాటలు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల పోషణ చూడడానికి చేతి చుట్టుకొలత టేపు చాలు. ఎడమ చేయి వేలాడదీసి, భుజం ఎముకకీ మోచేతికీ సరిగ్గా మధ్యన, చర్మం నొక్కుకోకుండా చుట్టాలి. 11.5 సెంటీమీటర్ల లోపు తీవ్ర లోపం, 11.5 నుంచి 12.5 లోపు మధ్యరకం. 11.5 లోపు వచ్చిన బిడ్డ పేరు ఫారంలో రాసుకుని వెళ్ళిపోకూడదు. అదే రోజు అంగన్‌వాడీకి, ఆశా కార్యకర్తకి చెప్పాలి. కొలిచి ఊరుకోవడం తప్పు. నీటికి హెచ్‌2ఎస్ సీసా చవకైన పరీక్ష. ఒకటి రెండు రోజుల్లో నీరు నల్లబడితే మలసంబంధ కాలుష్యం ఉందని అనుమానించి ప్రయోగశాలకి పంపాలి. క్లోరిన్ వేసిన నీళ్ళలో మిగులు క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే దారి లేని చోట 1.5 దాకా గరిష్ఠ పరిమితి.

"అవగాహన పెరిగింది" అనేది కొలమానం కాదు. సభ అయిపోగానే చేతులెత్తించి లెక్కపెట్టేది కూడా కాదు. చేతులు కడుక్కోవాలా అని అడిగితే అందరూ కడుక్కోవాలనే అంటారు. ఇంట్లో నీళ్ళ తొట్టి పక్కన సబ్బు ఉందా లేదా అన్నది కళ్ళతో చూసి రాయండి.

నాలుగో మెట్టు: భాష

మన జిల్లాల్లో కొలతలు తప్పడానికి పెద్ద కారణం ఇదే. ఫారం ఇంగ్లీషులో తయారవుతుంది, విద్యార్థి గుమ్మం ముందు నిలబడి అప్పటికప్పుడు తెలుగు చేస్తాడు, సవర ఇంట్లో పక్కింటి కుర్రాడు దాన్ని మళ్ళీ మార్చి చెబుతాడు. ముగ్గురు విద్యార్థులు ఒకే ప్రశ్నని మూడు రకాలుగా అడుగుతారు. వచ్చిన తేడా ఊళ్ళదా, ప్రశ్నదా అన్నది తర్వాత ఎవరూ తేల్చలేరు.

ఫారం మొదట ఊరి తెలుగులో రాయాలి. "మీ గృహంలో ఆరు నుంచి పద్నాలుగు సంవత్సరాల వయస్సు గల బాలబాలికలు ఎందరు?" అని కాదు. "మీ ఇంట్లో బడీడు గుంటలు ఎంతమంది?" అంటే వెంటనే జవాబు వస్తుంది. తర్వాత ఒకరు ఒడియాలోకి మార్చాలి. తెలుగు ఫారం చూడని ఇంకొకరు ఆ ఒడియా ఫారాన్ని మళ్ళీ తెలుగు చేయాలి. రెండు తెలుగులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కడ అర్థం జారిందో తెలుస్తుంది. సవర గూడేల్లో ఆ గూడెంవాళ్ళలోనే చదువుకున్న ఒకరిని బృందంలో చేర్చుకుని, రోజు కూలి ఇచ్చి, ప్రశ్నలు నోటితో ఎలా అడగాలో ముందుగా ఖాయం చేసుకుని రికార్డు చేసి పెట్టుకోండి. సవరకి 1936లో మంగై గొమాంగో రూపొందించిన సొరంగ్ సొంపెంగ్ లిపి ఉన్నా, గూడెంలో చదువరులు ఏ లిపిలో చదువుతారో అడిగి తెలుసుకోవాలే తప్ప మనమే అనుకోకూడదు. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెబుతూనే సవర నేర్చుకుని, సవర పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాసిన గిడుగు రామమూర్తి నడిచిన నేల ఇది. ఇక్కడి కాలేజీ పరాయి భాషలో ప్రశ్నలు పట్టుకుని ఊరెళ్ళడం బాగుండదు.

పిల్లల చదువు రెండు భాషల్లోనూ పరీక్షించాలి. కేంద్రంలో ఒడియా మాత్రమే నేర్పినా సరే. ఇంట్లో తెలుగు వింటున్న పిల్ల ఒడియాలో వెనకబడి, తెలుగు అక్షరాలు పోస్టర్ల మీద చూసి గుర్తుపడుతుందనుకోండి. ఒక్క భాషలోనే చూస్తే ఆమెని ఏమీ రాని పిల్ల కింద రాసేస్తాం.

ఐదో మెట్టు: మొదటి కొలత, దాని కాలం

కేంద్రం తలుపు తెరిచే ముందే కొలవాలి. రెండు నెలలు నడిచాక "మొదటి" కొలత తీస్తే అప్పటికే వచ్చిన మార్పు లెక్కలోంచి పోతుంది. తర్వాత దాన్ని ఎలాగూ తిరిగి తేలేం.

చివరి కొలత కూడా మొదటి కొలత కాలానికి పోల్చదగిన రోజుల్లోనే ఉండాలి. చదువుకి మాత్రం విద్యా సంవత్సరం మొదట్లో ఒకటి, పరీక్షలకి నెల ముందు ఒకటి సరిపోతాయి. ఆదాయం, తిండి, పని సంగతులైతే కాలం తప్పితే అంతా తప్పు. నవంబరు, డిసెంబరుల్లో వరి కోతలు, నూర్పులు. మార్చి దాటాక కొండ మీద జీడిపిక్కలు, చింతపండు ఏరే రోజులు, పగలు గూడెంలో ముసలివాళ్ళూ పసివాళ్ళే ఉంటారు. గోపాల్‌పూర్ తీరంలోని తెలుగు మత్స్యకార వాడల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మర పడవలకి వేట నిషేధం. మే నెల ఆదాయాన్ని జనవరి ఆదాయంతో పోల్చి సంఘం పొదుపు పడిపోయిందని రాస్తే ఆ వాడకి అన్యాయం చేసినట్టే. రుషికుల్య నదీముఖం దగ్గర తాబేళ్ళ కోసం నవంబరు నుంచి మే చివరిదాకా మరో నిషేధం ఉంటుంది, అదీ గుర్తుంచుకోవాలి. గంజాం నుంచి సూరత్‌కి వలస వెళ్ళినవాళ్ళు పండగలకి వచ్చిపోతుంటారు. వాళ్ళున్న వారంలో కుటుంబ సర్వే చేస్తే ఒక బొమ్మ, వెళ్ళాక చేస్తే ఇంకో బొమ్మ. మొదటి కొలత ఏ రోజుల్లో తీశారో, ఊళ్ళో అప్పుడేం జరుగుతోందో రెండు వాక్యాలు రాసి ఫైల్లో పెట్టండి.

ఆరో మెట్టు: పోలిక ఊళ్ళు

పిల్లలు ఏడాదికి ఎలాగూ ఎంతో కొంత నేర్చుకుంటారు. బడి ఉంది, ఇల్లుంది, వయసు పెరుగుతుంది. ఆ భాగాన్ని కూడా కాలేజీ ఖాతాలో వేసుకోకుండా ఉండాలంటే, కేంద్రం లేని ఊళ్ళు రెండైనా పక్కన పెట్టుకోవాలి. అదే బ్లాకు, దాదాపు అంతే ఇళ్ళు, అదే భాషల కలయిక, బడికి అంతే దూరం. ఆ ఊళ్ళ నుంచి ఊరికే కొలతలు తీసుకుని వెళ్ళిపోవద్దు. వచ్చే ఏడాది కేంద్రం అక్కడ పెడతామని మాట ఇచ్చి, నిలబెట్టుకోండి.

పోలిక ఊళ్ళు ఇంకో మేలు కూడా చేస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండ ఊళ్ళని ముంచెత్తింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2020 మార్చి తర్వాత బడులే మూతబడ్డాయి. అలాంటి ఏడాదిలో కేంద్రం ఉన్న ఊళ్ళలో పిల్లలు ముందుకి కదలకపోతే కార్యక్రమం విఫలమైందనిపిస్తుంది. అదే తుపాను తిన్న పోలిక ఊళ్ళలో పిల్లలు వెనక్కి జారితే, ఉన్నచోట నిలబెట్టడమే ఆ ఏడాది ఫలితమని తెలుస్తుంది.

ఏడో మెట్టు: ఎన్ని ఇళ్ళు?

ఐదు ఊళ్ళలో మూడు నుంచి ఐదో తరగతి పిల్లలు నూటయాభై, రెండొందల మంది ఉంటే అందర్నీ పరీక్షించండి, ఎంపిక గొడవ వద్దు. కుటుంబ సర్వేకి మాత్రం లెక్క కావాలి. ఒక అలవాటు 25 శాతం ఇళ్ళ నుంచి 40 శాతానికి పెరిగిందా అన్నది రెండు విడతల సర్వేలతో నమ్మకంగా చెప్పాలంటే ప్రతి విడతలో దాదాపు 150 ఇళ్ళు కావాలి. ముప్పై ఇళ్ళు చూసి అలాంటి మాట చెప్పడం కుదరదు. 30లో 25 శాతం ఏడెనిమిది ఇళ్ళు, నాలుగిళ్ళు అటూ ఇటూ అయితే చాలు ఫలితం తారుమారు.

ఐదు ఊళ్ళలో కలిపి 620 ఇళ్ళుంటే ప్రతి మూడో ఇల్లు తీసుకోండి. 206 లేదా 207 వస్తాయి. తాళాలు, కాదన్నవాళ్ళు పోయినా 150 దాటి మిగులుతాయి. మొదటి ఇల్లు 1, 2, 3 చీటీలు వేసి తీయాలి. వీధి మొదట్నుంచి కాకుండా, ఊరి చివరి గూడెంతో సహా అన్ని వాడలూ వరసలో వచ్చేలా ముందు ఊరి పటం గీసుకోవాలి. తాళం ఉన్న ఇంటికి వేరే వేళల్లో మరో రెండుసార్లు వెళ్ళాలి. పక్కింట్లో అడిగేసి ఆ ఇంటి బదులు రాయకూడదు. ఎప్పుడూ తాళం ఉండే ఇల్లే వలస వెళ్ళిన ఇల్లు, మీకు ఎక్కువ అవసరమైన ఇల్లు అదే.

ఈ సంఖ్య ఐదు ఊళ్ళకీ కలిపి. ఊరు ఊరుకీ విడిగా శాతాలు చెప్పడానికి ఇది చాలదు.

ఎనిమిదో మెట్టు: ఊళ్ళోకి వెళ్ళే రోజులు

కేంద్రంలో పాఠం చెప్పిన విద్యార్థి తన పిల్లల్నే తను పరీక్షించకూడదు. ఎంత నిజాయితీపరుడైనా పిల్ల తడబడిన చోట పెదవి కదుపుతాడు. ఒక ఊరి వలంటీర్లు ఇంకో ఊరికి వెళ్ళాలి. ఇద్దరిద్దరు జట్టు, ఒకరు అడగాలి, ఒకరు రాయాలి. తల్లులతో మాట్లాడే జట్టులో ఒక అమ్మాయి తప్పనిసరి. రెండు రోజుల శిక్షణ, జాబితాలో లేని ఊళ్ళో ఒక పూట సాధన చేయించాలి. సర్వే అరగంట దాటితే ఫారం పొడవైందని అర్థం, కత్తిరించండి.

ఫోన్‌లో కోబో లాంటి ఉచిత సాధనం వాడితే సిగ్నల్ లేని కొండ ఊళ్ళలోనూ నింపుకుని తర్వాత పంపొచ్చు, ప్రశ్నలు తెలుగు, ఒడియా రెండింట్లో పెట్టుకోవచ్చు. రోజూ సాయంత్రం చూసుకోవాలి. ఒకే జట్టు ఫారాలన్నింట్లో ఒకే జవాబు వరసగా కనిపిస్తే మర్నాడే అడగాలి. పదింట్లో ఒక ఇంటికి పర్యవేక్షకులు మళ్ళీ వెళ్ళి ఐదు ప్రశ్నలు తిరిగి అడగాలి.

ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా మీకు అవసరం లేదు, అడగొద్దు. పేర్ల జాబితా వేరే రిజిస్టర్‌లో, జవాబులు నంబర్ల మీద ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి కావాలి. ఫొటోకి కూడా అడగండి. అనుమతి కాగితం చేతిలో పెట్టి వేలిముద్ర వేయించుకుంటే అనుమతి అయిపోదు. ఎందుకు అడుగుతున్నామో, కాదంటే రేషనుకి గానీ పింఛనుకి గానీ ఏ ఇబ్బందీ ఉండదని నోటితో చెప్పాలి. ఫైలు పట్టుకుని వచ్చినవాళ్ళంటే ప్రభుత్వం వాళ్ళేనని ఊళ్ళో చాలామంది అనుకుంటారు. ఆ అపోహ తీర్చకపోతే జవాబులు భయంతోనో, ఆశతోనో వస్తాయి.

తొమ్మిదో మెట్టు: లెక్క

పద్ధతి తెలియడానికి అంకెలు వేసి చూద్దాం. కేంద్రాలున్న ఊళ్ళలో మొదట 160 మంది, చివర్లో 150 మంది దొరికారు. రెండుసార్లూ ఉన్న ఆ 150 మందినే పోల్చాలి. కథ స్థాయిలో మొదట 39 మంది, అంటే 26 శాతం. చివర్లో 72 మంది, 48 శాతం. పెరుగుదల 22 పాయింట్లు. పోలిక ఊళ్ళలో 70 మందిలో 18 నుంచి 26కి, అంటే 26 శాతం నుంచి 37కి, 11 పాయింట్లు. కేంద్రం వల్ల వచ్చిందని చెప్పుకోదగ్గది 22 కాదు, 22లోంచి 11 తీసేస్తే మిగిలిన 11. నివేదికలో రాయాల్సింది ఇదే. ఇంత తక్కువమంది పిల్లల్లో ఇది దాదాపు అంచనాయేనని కూడా పక్కనే రాయాలి.

దొరకని పదిమందిని వదిలేయొద్దు. వాళ్ళు మొదట ఏ స్థాయిలో ఉన్నారు, ఎక్కడికి వెళ్ళారు? పదిమందీ అక్షరం స్థాయి వాళ్ళై, తల్లిదండ్రుల వెంట వలస వెళ్ళిపోయి ఉంటే, మనం మెరుగైన పిల్లల్నే కొలుచుకుంటున్నాం. తర్వాత అమ్మాయిలు, అబ్బాయిలు, తెలుగు ఇళ్ళు, ఒడియా ఇళ్ళు, సవర ఇళ్ళు విడదీసి చూడండి. కలిపి చూస్తే బాగున్న లెక్క లోపల సవర పిల్లలు మొదట ఉన్నచోటే ఉండిపోవడం సాధారణంగా జరిగేదే. హాజరు రిజిస్టర్ కూడా పక్కన పెట్టండి. వారానికి నాలుగు రోజులు వచ్చినవాళ్ళు, ఒకటి రెండు రోజులే వచ్చినవాళ్ళు ఎంత కదిలారో చూస్తే లోపం బోధనలో ఉందా, రాకపోకల్లో ఉందా తెలుస్తుంది. అయితే శ్రద్ధ ఉన్న ఇళ్ళ పిల్లలే రోజూ వస్తారు కాబట్టి ఆ తేడా అంతా కేంద్రం గొప్పదనం అనుకోకూడదు.

అంకెలు ఎందుకు అలా వచ్చాయో మనుషులే చెప్పాలి. చివరి కొలత అయ్యాక మళ్ళీ అవే మూడు కూటములు. "ఏం మారింది?" అని మొదలుపెట్టి, "అన్నిటికన్నా పెద్ద మార్పు ఏది, అదే ఎందుకు?" అని ఆగండి. ఆ తర్వాత "వచ్చే ఏడాది ఏది వద్దు?" అని తప్పకుండా అడగండి. ఇంటికి వచ్చిన పిల్లల్ని నొప్పించడం ఇష్టంలేక అందరూ "బాగుంది బాబూ" అనేస్తారు. వద్దనే హక్కు మనమే చేతికిస్తే తప్ప అసలు మాట బయటికి రాదు. ఈ కూటములు నడిపేది కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ పని చూసే ప్రోగ్రాం ఆఫీసర్ అయితే అసలే రాదు. వేరే విభాగం అధ్యాపకురాలిని పిలవండి.

విద్యార్థులకి ఏం ఒరిగింది?

యూజీసీ సామాజిక బాధ్యత పాఠానికి రెండు క్రెడిట్లు ఇస్తోంది కాబట్టి ఇది కూడా లెక్కలోకి రావాలి. మొదట్లో "ఊరి సమస్యలు నీకు ఎంత తెలుసు, ఐదింటికి వేసుకో" అంటే కొత్త విద్యార్థి నాలుగు వేసుకుంటాడు. ఏడాది ఊళ్ళో తిరిగాక తనకి తెలియనిదెంతో తెలిసి మూడు వేసుకుంటాడు. కాగితం మీద తగ్గుదల, నిజానికి ఎదుగుదల. అందుకని చివర్లో "అప్పుడు ఎంత తెలుసు అనుకుంటున్నావు, ఇప్పుడు ఎంత?" అని రెండూ ఒకేసారి అడగాలి. దానికి తోడు ఒక పని పెట్టండి: ఊరి ఒక సమస్యని వార్డు మెంబరుకి పది నిమిషాల్లో, ఆయన భాషలో, వివరించాలి. విన్నారా, అర్థమైందా, కొత్తగా ఏమైనా తెలిసిందా అన్నది ఆయనే చెప్పాలి.

ఊరి భాగస్వాములు, వాళ్ళ మీద పడ్డ భారం

అంగన్‌వాడీ అక్క గది ఇచ్చింది, తాళం తెరిచింది, పిల్లల్ని పోగుచేసింది, శిబిరం రోజు యాభై మందికి నీళ్ళు తెచ్చింది. ఆ గంటలు కాలేజీ లెక్కల్లో ఎక్కడా కనిపించవు. నెలకోసారి ఆమెనీ, బడి మాస్టారునీ, సంఘం అధ్యక్షురాలినీ నాలుగు ప్రశ్నలు అడగండి: ఈ నెల మా పనికి మీ గంటలు ఎన్ని పోయాయి? ఏ నిర్ణయం మిమ్మల్ని అడగకుండా తీసుకున్నాం? చెప్పిన రోజు రాకుండా ఎన్నిసార్లు మానేశాం? మీకు ఉపయోగపడింది ఏది? వీటి జవాబులు మూడు నెలలు వరసగా చూస్తే, పని ఎక్కడ కుంటుతోందో పిల్లల పరీక్ష కన్నా ముందే తెలిసిపోతుంది.

చివరి మెట్టు: లెక్క ఊరికి అప్పజెప్పడం

మొదట రావాల్సింది కాలేజీ నివేదిక కాదు, ఊరి సభ. ఒడిశాలో ఊరివాళ్ళంతా కూర్చునే పల్లిసభ ఏటా ఫిబ్రవరిలో కూర్చుంటుంది. చివరి కొలత అప్పటికి పూర్తికాకపోతే మధ్య కొలత ఫలితమైనా అక్కడ చెప్పండి, పూర్తి లెక్కకి విడిగా రోజు అడగండి. తెలుగులో, ఒడియాలో రెండు పేజీలు, పెద్ద అక్షరాలు, శాతాల బదులు "పదిమందిలో ఐదుగురు" అన్న తీరు. సవర గూడెంలో కాగితం కాదు, మనిషి వెళ్ళి చెప్పాలి. ఏ పిల్ల పేరూ, ఏ ఇంటి పేరూ బయట పెట్టకూడదు. తగ్గినవి, కదలనివి మొదటి పేజీలోనే ఉండాలి. మేం వెళ్ళాక సవర పిల్లలు పేరా దాటలేదని కాలేజీయే ముందుగా చెబితే, దానికి కారణం ఊరే చెబుతుంది.

సభలోనే మూడు గళ్ళ కాగితం నింపండి: కొనసాగించేది, మార్చేది, ఆపేది. ప్రతి వరసకీ బాధ్యులు ఎవరు, ఏ తేదీలోపు అని రాసి రెండు వైపులా సంతకాలు పెట్టుకోండి. ఆ కాగితం, పోలిక ఊళ్ళ వివరాలు, పేర్ల రిజిస్టరు, కొలతకి వాడిన ప్రశ్నల అసలు ప్రతులు ఒక్క పెట్టెలో పెట్టి వచ్చే ఏడాది ప్రోగ్రాం ఆఫీసర్‌కి, కొత్త బ్యాచ్ వలంటీర్లకి చేతికివ్వాలి. ఆరు నెలల తర్వాత, కేంద్రం మూసేసిన ఊళ్ళోనూ, అదే పిల్లల్ని అదే పద్ధతిలో ఇంకోసారి చదివించమని ఆ పెట్టె మూత మీద తేదీతో రాసి ఉంచండి.